చీకుల బండికి చోటు లేని వనభోజనం

ఈ యేడు మన సంఘంవారి వేసవి వనభోజనాల ప్రకటన అందరికీ చేరే వుంటుంది. పులిహోర, దద్ధోజనం, మిరపకాయ బజ్జీలు, గులాబ్ జామూన్లు. భోజనాల పట్టిక నోరూరించేట్టే వుంది. దాని అడుగున రెండు వాక్యాలున్నాయి. మన సంప్రదాయాన్ని గౌరవించి శాకాహారం మాత్రమే వడ్డించబడుతుందని మొదటిది. పిల్లల కోసం హాట్ డాగ్‌లు విడిగా కాల్చి ఇవ్వబడతాయని రెండవది. మేము చెప్పదలచినదంతా ఆ రెండు వాక్యాల నడుమనే వుంది.

ఆ పార్కులో ప్రతి షెడ్డు పక్కనా ఒక ఇనప గ్రిల్లు పాతిపెట్టి వుంటుంది. వాటిలో ఒకదాని మీద చీకులు కాల్చుకోనివ్వమని మేము కొన్ని కుటుంబాలవాళ్ళం కార్యవర్గాన్ని అడిగాం. ఖర్చు మాది, కాల్చేదీ మేమే, అడిగినవారికే పెడతాం అన్నాం. కుదరదన్నారు. మూడు కారణాలు చెప్పారు. చీకులు మన సంప్రదాయం కాదు, అది సాయిబుల తిండి, వీధి తిండి అన్నది మొదటిది. ఆరోగ్యానికి చెరుపన్నది రెండవది. శాకాహారుల మనసు నొచ్చుకుంటుందన్నది మూడవది. పెద్దల మీద గౌరవం వుంచుకునే ఈ మూడింటికీ జవాబు చెబుతాం. ఇది పిడికెడు మాంసం కోసం పేచీ అనుకునేవారు దయచేసి చివరిదాకా చదవండి.

ముందు చీకులంటే ఏమిటో చెప్పుకోవాలి, ఇక్కడ పుట్టిన పిల్లలు ఎరగరు కాబట్టి. కోస్తా ఊళ్ళలో చీకులంటారు, తెలంగాణలో సీకులంటారు. హైదరాబాదు పాతబస్తీలో సీఖ్ కబాబ్, బోటీ కబాబ్ అంటారు. పొద్దువాలాక సెంటర్లో తోపుడుబండి నిలుస్తుంది. పొడుగాటి ఇనప తొట్టిలో బొగ్గులు, వాటికి అడ్డంగా చువ్వలు, చువ్వకు గుచ్చిన ఉసిరికాయంత ముక్కలు. విసనకర్రతో విసిరితే నిప్పు రాజుకుంటుంది, కొవ్వు బొట్టు పడినచోట చుయ్యిమంటుంది. కాలిన ముక్కల్ని కాగితంలోకి దూసి, తరిగిన ఉల్లిపాయలు వేసి, నిమ్మచెక్క పిండి చేతికిస్తాడు. తెలంగాణలో కల్లు కాంపౌండు దగ్గర గుడాలు, బోటి పక్కనే సీకులూ వుంటాయి. 2004లో హైదరాబాదులో కల్లు దుకాణాలు మూసేసినప్పుడు గీత కార్మికులతోబాటు ఆ గోడవారన పొయ్యి పెట్టుకున్నవాళ్ళ పొట్టా కొట్టినట్టయింది. 2014లో అవి మళ్ళీ తెరుచుకున్నాయి.

ఇది పేదవాడి తెలివిలోంచి వచ్చిన వంట. ముక్క చిన్నది కాబట్టి చప్పున ఉడుకుతుంది, బొగ్గు తక్కువ పడుతుంది. ఇనప చువ్వ వేడిని లోపలికి తీసుకుపోతుంది కాబట్టి ముక్క పైనుంచీ లోపలినుంచీ కూడా కాలుతుంది. ముదురు మాంసమైతే పచ్చి బొప్పాయి నూరి పట్టిస్తారు. అందులోని పపైన్ అనే ఎంజైము మాంసకృత్తుల్ని తెంచి మెత్తబరుస్తుంది. ఎక్కువసేపు వుంచితే ముక్క పిండైపోతుంది, అందుకని ఎంతసేపన్నది చెయ్యి తిరిగినవాడికే తెలుసు. ఖైమా అయితే జారిపోకుండా వేయించిన శనగపిండో పుట్నాల పొడో కలుపుతారు. ఏ కాలేజీలోనూ చదవని మనిషి తన బండి దగ్గర చేసే రసాయనశాస్త్రం ఇది.

ఇక మొదటి కారణం, మన సంప్రదాయం కాదన్నది.

సంప్రదాయం అంటే పాతదే కావాలంటారా? సరే, పాతదే చూద్దాం. అమరకోశం తిరగేయండి. చువ్వకు గుచ్చి కాల్చిన మాంసానికి అందులో శూలాకృతం, భటిత్రం, శూల్యం అని మూడు మాటలున్నాయి. ఒక వస్తువుకు నిఘంటువులో మూడు పేర్లున్నాయంటే ఆ వస్తువు తెలియని దేశంలో నిఘంటువు పుట్టలేదన్నమాట. కాళిదాసు శాకుంతలం రెండో అంకంలో విదూషకుడు వేటకు వచ్చి పడుతున్న పాట్లు ఏకరువు పెడతాడు. వేళకాని వేళ తినవలసి రావడం, అదీ ఎక్కువగా చువ్వ మీద కాల్చిన మాంసమే కావడం వాటిలో ఒకటి. కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు పన్నెండవ శతాబ్దంలో కూర్చిన మానసోల్లాసంలో రాజుగారి భోజనాల అధ్యాయం వుంది. మాంసం ముక్కల్ని గుచ్చి నిప్పుల మీద కాల్చే భడిత్రకం అందులో వుంది. ఆ రాజుల ఏలుబడిలో తెలంగాణ చాలా భాగం వుండేది. గోల్కొండలో కుతుబ్‌షాహీల జెండా ఎగరడానికి దాదాపు నాలుగు వందల యేళ్ళ ముందటి మాట ఇది.

"అయినా కబాబు అన్న పేరు మనది కాదుగదా" అన్నారు ఒక పెద్దాయన. నిజమే. సీఖ్ అన్నది పారశీకం మాట. దాన్ని చీకు చేసి, వెనక 'లు' తగిలించి, బండికెక్కించింది మాత్రం మనమే. మన కోశాధికారిగారు ప్రతి జనవరిలో చదివే లెక్కల్ని ఒక్కసారి వినండి. జమ, ఖర్చు, బాకీ, వసూలు, రసీదు. ఈ అయిదూ చీకుతోబాటు ఒకే దారిన మన భాషలోకి వచ్చినవే. తెలుగువాడి ఆత్మ అని మనం పాటలు పాడుకునే రైతు సైతం అరబ్బీ రయ్యత్ నుంచి వచ్చినవాడే. రైతును మనవాడన్న నోటితో చీకును పరాయిదనడం ఏ లెక్క? సంప్రదాయమని పట్టికలో వేసిన మిరపకాయ బజ్జీలో మిరపకాయ ఎక్కడిది? పోర్చుగీసువాళ్ళ ఓడల్లో అమెరికా ఖండంనుంచి వచ్చింది. గులాబ్ జామూన్ పేరులో గులాబ్ ఎవరి పువ్వు? పొయ్యి మీదికి వచ్చినప్పుడు అడగని పాస్‌పోర్టు గ్రిల్లు మీదికి వచ్చినప్పుడే ఎందుకు అడుగుతున్నాం?

సాయిబుల తిండి అన్న మాటకు వేరే జవాబు కావాలి. 1550 నుంచి 1580 దాకా గోల్కొండ నేలిన ఇబ్రహీం కుతుబ్‌షాను మన కవులు మల్కిభరాముడని పిలుచుకున్నారు. అచ్చతెలుగులో వచ్చిన మొదటి కావ్యంగా మనం చెప్పుకునే పొన్నగంటి తెలగన యయాతి చరిత్ర పటాన్‌చెరువులో వుండిన అమీన్‌ఖానుకు అంకితం. సంస్కృతం మాట ఒక్కటీ లేకుండా తెలుగు రాయించుకున్నవాడు ఒక ముస్లిం సర్దారు. ఆయన తెలుగు మనకు కావాలి, ఆయన తిండి మాత్రం మన సంప్రదాయం కాదా? పైగా గుంటూరు, కర్నూలు, కరీంనగర్ సాయిబులు మనవాళ్ళే. తెలుగు మాట్లాడేవాళ్ళే. ఈ ఊళ్ళోనూ వున్నారు. మన సభల్లో ఎందుకు కనిపించరని మనం ఎన్నడైనా అడిగామా? మన ప్రకటనలు చదివి వాళ్ళు ఇళ్ళ దగ్గరే వుండిపోతున్నారని మా అనుమానం.

మరొక సంగతి. భారత ప్రభుత్వంవారి నమూనా నమోదు విభాగం 2014లో జరిపిన సర్వే ప్రకారం తెలంగాణలో పదిహేనేళ్ళు దాటినవాళ్ళలో నూటికి 98 మందికి పైగా మాంసాహారులు. ఆంధ్రప్రదేశ్‌లోనూ దాదాపు అంతే. దేశంలోనే ఎక్కువగా మాంసం తినే రాష్ట్రాల్లో మనవి రెండూ వున్నాయి. ఆషాఢం బోనాల్లో కోడీ, మేకా లేని బస్తీ లేదు. కనుమ, ముక్కనుమల్లో మసాలా వాసన రాని పల్లె అరుదు. నూటికి ఇద్దరి అలవాటును తక్కిన తొంభై ఎనిమిది మంది సంప్రదాయమని రాయడానికి ఎంత ధైర్యం కావాలి? ఆ ఇద్దరి అలవాటు గౌరవించదగినదే. కాని ఇద్దరిదని రాయాలి, అందరిదని కాదు.

వనభోజనాలకు మాంసం పనికిరాదన్న శాస్త్రమూ వినిపించింది. కార్తీకంలో ఉసిరిచెట్టు కింద తినేటప్పుడు ఆ నియమం నిజమే. మరి మనం తింటున్నది జూలైలో, మేపుల్ చెట్టు కింద. చలికి తాళలేక కార్తీకాన్ని, ఉసిరి దొరక్క ఉసిరిని వదులుకున్నాం. తప్పులేదు. వలసవచ్చినవాడు వీలునుబట్టి మార్చుకుంటాడు. కాని ఇన్ని మార్చుకున్నాక చీకుల దగ్గరకొచ్చేసరికి మాత్రం శాస్త్రం కదలదంటే అది శాస్త్రం చెప్పే మాట కాదు.

రెండవ కారణం ఆరోగ్యం. మాలో వైద్యవృత్తిలో వున్నవాళ్ళున్నారు కాబట్టి ఈ సంగతి దాపరికం లేకుండా చెబుతాం. నిప్పుల మీద మాంసం కాలిస్తే మంచిదేనని మేము అనం. జపానులో సుగిమురా తకాషి బృందం 1977లోనే కాల్చిన చేప, మాంసాల మాడులో జన్యువుల్ని మార్చే పదార్థాలున్నాయని చూపింది. కండమాంసం పెద్ద వేడికి గురైతే కొన్ని హెటరోసైక్లిక్ ఎమీన్లు పుడతాయి. కొవ్వు నిప్పుల్లో పడి లేచే పొగలో మరికొన్ని చెడు పదార్థాలుంటాయి. మాడకుండా తిప్పుతూ కాల్చడం, కొవ్వు తీసెయ్యడం, ముందుగా మసాలాలో నానబెట్టడం వీటిని తగ్గిస్తాయి. చీకులవాడు ఈ మూడింటిలో రెండు ఎలాగూ చేస్తున్నాడు.

ఇప్పుడు రెండవ వాక్యానికి రండి. 2015 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మాంసం మీద తన తీర్పు ప్రకటించింది. మేక, గొర్రె, పశువుల వంటి ఎర్రమాంసాన్ని క్యాన్సర్ కలిగించే అవకాశం వున్నవాటిలో చేర్చింది. ఉప్పూ నైట్రైట్లూ వేసి నిలవచేసిన మాంసాన్ని మాత్రం నిస్సందేహంగా క్యాన్సర్ కలిగించేవాటిలో చేర్చింది. రోజుకు 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు నూటికి 18 వంతులు పెరుగుతుందని లెక్క కట్టింది. ఆ రెండో రకంలో మొదట చెప్పే పేరు హాట్ డాగ్! ఆరోగ్యం పేరుతో చీకులు కాదని, పిల్లలకు హాట్ డాగ్ పెట్టే కార్యవర్గం ఏ వైద్యుణ్ణి అడిగిందో మాకు తెలియదు. మమ్మల్ని మాత్రం అడగలేదు.

పెద్దల సంగతీ చూద్దాం. మన జాతివాళ్ళకు మధుమేహం, గుండెజబ్బు ఎక్కువని ఇక్కడ ప్రతి ఇంటికీ అనుభవమే. 2010లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలోనూ షికాగోలోనూ దక్షిణాసియావాళ్ళ మీద మసాలా అన్న పేరుతో ఒక పెద్ద పరిశీలన మొదలైంది. అందులో మాంసం ఎక్కువగా తినేవాళ్ళకు బరువూ కొలెస్టరాలూ ఎక్కువగా కనిపించాయి. నూనెలో వేయించినవి, మిఠాయిలు, వెన్న నెయ్యి ఎక్కువగా తినేవాళ్ళకు ఇన్సులిన్ పని సరిగ్గా చేయకపోవడం, మంచి కొలెస్టరాల్ తగ్గిపోవడం కనిపించాయి. అంటే బజ్జీకీ చీకుకీ ఇద్దరికీ శిక్ష వుంది. ఒకరిని పట్టికలో మొదట కూర్చోబెట్టి రెండోవారిని గేటు దగ్గర ఆపడం వైద్యం కాదు. యేడాదికి ఒకనాడు నాలుగు ముక్కలు తిన్నందువల్ల ఎవరి నాళాలూ పూడుకుపోవు. యేడాది పొడుగునా తెల్లన్నం, గులాబ్ జామూన్లు, కూర్చున్న చోటనుంచి లేవని ఉద్యోగాలు, వీటివల్ల పూడుకుపోతాయి.

మూడవ కారణం శాకాహారుల మనసు. ఇది ఒక్కటే మేము నిజమైన కారణంగా ఒప్పుకుంటాం. వాసన గిట్టనివాళ్ళున్నారు. ఒకే పట్టకారుతో వంకాయా మాంసమూ తిప్పితే భోజనం మానుకునేవాళ్ళున్నారు. వాళ్ళను హేళన చేయడం మా అభిమతం కాదు. అందుకే గాలివాలుకు దూరంగా వున్న గ్రిల్లు అడిగాం. గుడి హాలులో జరిపే ఉగాదికి మాంసం అడగలేదు, అడగం కూడా. అది ఆ ఇంటి నియమం. పార్కు మాత్రం అందరిది. ఆ గ్రిల్లు కౌంటీవారిది. శాకాహారి మనసు హాట్ డాగ్ కాలితే నొచ్చుకోకుండా చీకు కాలితేనే నొచ్చుకుంటుందా? మేము కొందరు శాకాహారి మిత్రుల్ని స్వయంగా అడిగాం. రెండూ ఒకటేనన్నారు వాళ్ళు. కాబట్టి వాళ్ళ పేరు చెప్పి కార్యవర్గం తన అభ్యంతరాన్నే చెబుతున్నది.

ఆ అభ్యంతరం ఏమిటి? అమెరికా మాంసమైతే ఫరవాలేదు, మన మాంసమైతే సిగ్గు. హాట్ డాగ్ తింటే పిల్లవాడు ఈ దేశపు మర్యాదలో కలిసిపోయాడంటాం. చీకు తింటే వీధిలో పడ్డాడంటాం. వీధి అనడంలో వున్నది దుమ్మూ ధూళీ గురించిన భయం కాదు. వీధిలో నిలబడి తినేవాళ్ళెవరో మనకు తెలుసు. రిక్షా తొక్కేవాడు, హమాలీ, గీత కార్మికుడు, పాతబస్తీ కుర్రాడు, మాలపల్లె, మాదిగగూడెం. ఆ పేర్లు నోటితో అనకుండా వుండటానికి సంప్రదాయమన్న మాట అడ్డం పెట్టుకుంటున్నాం. పాతబస్తీ బండి మీది బోటీ చాలాచోట్ల గొడ్డుమాంసమే, మేకమాంసం ధర అందనివాడికి అదే మాంసం. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో దళిత విద్యార్థులు మా తిండి మాది అని గొడ్డుమాంసం పండగ చేసుకుంటే ఎంత గొడవ జరిగిందో దేశమంతా చూసింది. మేము ఇక్కడ అడిగింది మేకమాంసం, కోడిమాంసం. దానికే తలుపు మూసుకుంది.

దీనికొక చరిత్ర వుంది. 1965 వలస చట్టం తర్వాత ఈ దేశం మనల్ని డిగ్రీల జల్లెడ పట్టి దించుకుంది. డాక్టర్లు, ఇంజనీర్లు వచ్చారు, వాళ్ళ వెనక మేమూ వచ్చాం. జల్లెడ పైన నిలిచినవాళ్ళలో చదువు ముందుగా అందిన కులాలవాళ్ళే ఎక్కువ. చీకుల బండివాడికి వీసా రాలేదు. కల్లు గీసేవాడికి రాలేదు. వాళ్ళు లేని గదిలో కూర్చుని తెలుగు సంప్రదాయం ఏమిటో తీర్మానం చేశాం. వాళ్ళు లేరు కాబట్టి ఎవరూ అడ్డు చెప్పలేదు, ఏకగ్రీవమని మినిట్స్‌లో రాసుకున్నాం. అక్కడ వూళ్ళో వుండగా రాత్రి రెండో ఆట సినిమా చూసి బండి దగ్గర నిలబడి తిన్నవాళ్ళం మనలో ఎంతమందిమి లేము? ఇక్కడ సంఘం మెట్లెక్కగానే ఆ నాలుక మనది కాకుండా పోతుందా?

మనకంటే ముందు వచ్చినవాళ్ళు ఏం చేశారో చూడండి. న్యూయార్కు రాష్ట్రంలో ఎండికాట్, బింగ్‌హామ్‌టన్ అని పక్కపక్క ఊళ్ళున్నాయి. అక్కడి చెప్పుల కార్ఖానాల్లో పనికి ఇటలీనుంచి కూలీలు వచ్చారు. వాళ్ళలో అబ్రుజ్జో కొండల గొర్రెలకాపరుల ప్రాంతంవాళ్ళున్నారు. పుల్లటి మసాలాలో నానబెట్టి, చువ్వకు గుచ్చి, బొగ్గుల మీద కాల్చిన గొర్రెమాంసం వాళ్ళ తిండి. దానికి స్పీడీ అని పేరు. చువ్వకు ఇటలీ భాషలో స్పియేదో అంటారు. మన చీకు కథే. వాళ్ళు సిగ్గుపడి దాచిపెట్టలేదు. 1930ల చివర ఎండికాట్‌లో హోటలు పెట్టి అమ్మారు. 1980లలో ఆ పేరుతోనే వేసవి ఉత్సవం మొదలయింది. ఇవాళ ఇటలీ మొహం ఎరగనివాళ్ళు కూడా అది మా ఊరి తిండి అంటారు. నైజీరియానుంచి వచ్చిన వైద్యులు మా ఆస్పత్రుల్లో తోటివాళ్ళు. తమ ఉత్తరదేశపు హౌసా వీధుల్లో వేరుశనగ మసాలా పూసి కాల్చే సూయా గురించి వాళ్ళు ఎంత గర్వంగా చెబుతారో! పెరూలో బానిసలుగా తేబడ్డ నల్లవాళ్ళు దొరలు పారేసే ఎద్దుగుండెను గుచ్చి కాల్చుకున్నారు. ఆంటికూచో అన్న ఆ తిండిని ఇవాళ ఆ దేశమే తనదని చెప్పుకుంటున్నది. వీధి తిండిని జాతి తిండిగా నెత్తిన పెట్టుకోవడానికి వాళ్ళకు లేని నామోషీ మనకెందుకు?

పిల్లల కోసమే ఇదంతా అంటాం. శనివారం తెలుగు బడిలో వేమన పద్యాలు వల్లెవేయిస్తాం. కూచిపూడికి గజ్జెలు కట్టిస్తాం. మంచిదే. కాని ఆ పిల్లవాడు పెద్దవాడై హైదరాబాదులో దిగి, చార్మినార్ దగ్గర ఆ పొగా ఆ కేకలూ చూసి, ఇది ఎవరి దేశం అని అడిగితే తప్పు వాడిది కాదు. మనం వాడికి ఇచ్చిన తెలుగుదేశంలో ఆ వీధి లేదు.

కాబట్టి కార్యవర్గానికి మా విన్నపం ఇది. ప్రకటనలో సంప్రదాయం అన్న మాట తీసెయ్యండి. శాకాహారమే పెడతామంటే, అది ఖర్చు తగ్గడానికో వడ్డన సులువు కావడానికో అని నిజం రాయండి, గౌరవిస్తాం. రెండు గ్రిల్లులు తీసుకోండి. ఒకటి శాకాహారులది, దాని పట్టకార్లూ పళ్ళేలూ వేరు. దాని మీద మొక్కజొన్న పొత్తులు, వంకాయలు, పనీరు కాల్చుకోండి. రెండవది గాలివాలుకు అవతల, మాది. ముక్క మాడకుండా చూసే పూచీ మాది. ఖైమా 160 డిగ్రీల ఫారెన్‌హీట్, కోడి 165 దాటిందో లేదో థర్మామీటరు పెట్టి మరీ చూస్తాం. హలాల్ మాంసమే తెస్తాం, ఈ ఊళ్ళో వున్న మన ముస్లిం కుటుంబాలు నిశ్చింతగా చెయ్యి పెట్టేట్టు. వాళ్ళకు ఆహ్వానం అతిథులుగా కాదు, సభ్యులుగా పంపండి. హాట్ డాగ్‌ల ఖర్చు మిగులుతుంది, దాంతో బొగ్గులు వస్తాయి.

కాదంటే వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ విషయం చర్చకు పెట్టమని మేము రాతపూర్వకంగా కోరుతున్నాం. ఓటుకు పెట్టండి. ఓడిపోతే పులిహోర తిని ఇంటికి వెళతాం, అది మాకూ ఇష్టమే. కాని ఓడినా గెలిచినా, ఎవరు తెలుగువాళ్ళో ఎవరు కారో తేల్చే అధికారం ఏ కార్యవర్గానికీ లేదని మాత్రం ఆ మినిట్స్‌లో రాయిస్తాం.